టీచరమ్మ తన మీద వేసుకున్న తప్పు

మా టీచరమ్మ పోయింది. మొన్న సోమవారం నంద్యాల ఆసుపత్రిలో కన్నుమూసిందని బస్సు దిగినవాళ్లు చెప్పారు. "పోనీలే, పీడ వదిలె," అన్నాడు మా నాయన. ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె గురించి మీకు చెప్తే గానీ ఈ బరువు దిగదు.

మాది ఆళ్లగడ్డ పక్క పల్లె. డెబ్బైల చివర ఊళ్లో రెండు పార్టీలు, కొడవళ్లు పైకి లేవని ఏడాది లేదు. రెండు పార్టీల పిల్లలమూ ఒకే చాప మీద కూర్చుని ఆమె దగ్గర నాలుగో తరగతి చదివాం. యుద్ధం పాఠం వస్తే, గెలిచిన రాజు పేరు చెప్పినవాళ్లే చచ్చిన సిపాయి ఇంట్లో ఆ పూట ఏం జరిగి ఉంటుందో కూడా చెప్పాలి. "గెలిచినోని కత ఒగటే చెప్తే అది చరిత్ర గాదు పాపా, డప్పు," అనేది.

ఒకరోజు, మీ ఇంటి చరిత్ర చెప్పండి అంది. నేను లేచి, మా చిన్నాయన అవతలి పార్టీ మనిషిని వంక గట్టున ఎట్లా నరికాడో చేతులూపుతూ చెప్పాను.

"చాలు, కూచో," అంది టీచరమ్మ.

కూర్చుంటేగా! "మా చిన్నాయన ఎవురికీ దొరకడు. నంద్యాలలో బియ్యం మిల్లులో దాక్కోనుండాడు," అన్నాను గొప్పగా.

నాలుగో రోజు చిన్నాయన శవం గోనెపట్టాలో వచ్చింది. తల విడిగా చుట్టారు. అవ్వ నేలకేసి తల బాదుకుంటోంది. "జాడ ఎవుడు జెప్పినాడ్రా?" అని నాయన వేటకొడవలి తీశాడు. భయంతో నా గౌను తడిసిపోయింది.

అప్పుడే టీచరమ్మ గడప దాటి వచ్చింది. నావైపు ఒక్కసారి చూసింది. "నేనే, అన్నా. నీ తమ్ముడు మిల్లులో ఉండాడని బళ్లో నేనే నోరు జారినా."

కొడవలి లేచింది. ఆమె అడ్డం పెట్టిన కుడిచేతి మూడు వేళ్లు మా వాకిట్లో పడ్డాయి.

పశువులకు సొప్ప కోస్తుంటే తెగినాయని పోలీసులకు చెప్పిందట. నెలకు మళ్లీ బడికొచ్చి ఎడమచేత్తో వంకర అక్షరాలు రాసింది. "చరిత్రలో సచ్చినోళ్ల గురించే చెప్పండి. బతికుండేటోళ్ల జాడ చెప్పగాకండి," అంది అందరితో. నన్ను ఒక్క మాట అనలేదు. ఏం మనిషమ్మా! నేనేమో ఈ పదేళ్లూ నోరు మూసుకుని బతికాను, సిగ్గులేకుండా.

నిన్న ఆమెను మట్టిలో పెట్టి ఇంటికొచ్చి నాయనకు అన్నం వడ్డించాను.

"నాయనా, ఆ పొద్దు చిన్నాయన జాడ చెప్పింది టీచరమ్మ గాదు. నేను."

నోటిదాకా పోయిన ముద్ద ఆగిపోయింది. నాయన దాన్ని మెల్లగా కంచంలో పెట్టాడు. మెతుకులు అంటిన తన కుడిచేతి వేళ్లను చూసుకుంటూ, చెయ్యి ఎండిపోయేదాకా అట్లాగే కూర్చున్నాడు.