పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు

మొన్న వేసవిలో, మేముండే హిందీ ఊళ్లో, సెక్టర్ 7 పిల్లల సమ్మర్ క్యాంపుకు వ్యాను తోలాను. బొమ్మలు గీయడం, డ్యాన్సు అన్నీ అయ్యాక చివరి రోజు మరోదా చెరువులో పడవ షికారు పెట్టారు. పెద్దవాళ్లు చాలలేదని నన్నూ ఎక్కించారు. బడిలాగే ఈత కూడా మధ్యలోనే మానేసినవాణ్ణి నేను. నా పడవలో మా అమ్మాయి, ఇంకో నలుగురు చిన్నపిల్లలు లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఉన్నారు.

చెరువు నడిమికి రాగానే మా అమ్మాయి లేచింది.

"నాన్నా, నీళ్లమీదికెళ్తే గంగమ్మ తల్లికి దండమెట్టాలని నానమ్మ సెప్పింది," అంటూ వంగి, నీళ్లు తాకి నెత్తిన చల్లుకుంది.

"మై భీ, దీదీ," అంటూ తామూ దండం పెడతామని మిగతా నలుగురూ అదే పక్కకు వంగారు.

పడవ ఒరిగింది. నీళ్లు లోపలికొచ్చి నా పాదాలు తడిశాయి. పడవ నడిపేవాడు తెడ్డు ఆపేసి, "భయ్యా, హిల్నా మత్," అంటూ కదలొద్దని నాతో గొణిగాడు. అరిస్తే పిల్లలు బెదిరి లేస్తారు.

"గంగమ్మ కునుకు తీస్తంది. సప్పుడు సెయ్యకుండా ఒక్కొక్కరే మద్దెలో కూకోండి," అని, మిగతా పిల్లలకు అదే హిందీలో చెప్పాను.

"లేస్తే ఏటవుద్ది నాన్నా?"

"నీకు ఎక్కాలు అప్పజెప్పమంటది."

కిసుక్కున నవ్వుకుంటూ ఒక్కొక్కరే కూర్చున్నారు. పడవ మెల్లగా నిలదొక్కుకుంది.

ఒడ్డుకొచ్చాక మా అమ్మాయి మళ్లీ ఎక్కుదామంది. వ్యాను ఎక్కి తలుపు వేసేదాకా దాని లైఫ్ జాకెట్ విప్పనివ్వలేదు.