‘రిమిట్’ అనే ఒక్క మాట కోసం కాన్‌బెర్రా దాకా

ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాకు ఎక్కువ మంది వసంతకాలపు పూల కోసం వెళ్తారు, లేదా మంచు కొండలకు పోతూ దారిలో ఓ పూట ఆగుతారు. నేను ఒక మాట కోసం వెళ్ళాను. బ్రిస్బేన్‌కు పడమర వైపున స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఇల్లు. కోర్టుల్లోనూ ఆసుపత్రుల్లోనూ తెలుగువాళ్ళకు దుబాసీగా పని చేస్తాను. కాకినాడలో పదేళ్ళు ఇంగ్లిష్ పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి మాటల కోసం తడుముకునే అవసరం రాదని ధీమాగా ఉండేదాన్ని. మొన్న చలికాలంలో ఒక ఫెడరల్ కోర్టు గదిలో ఆ ధీమా పోయింది.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక వెల్డరు వీసా కేసు అది. ఆయన సరేనన్నాకే ఇది రాస్తున్నాను, అంతకు మించి ఆయన గురించి చెప్పను. వీసా అప్పీళ్ళు వినే ట్రిబ్యునల్ ఆయనకు వీసా నిరాకరించింది. ఆ నిర్ణయం చట్టప్రకారం జరగలేదని జడ్జిగారు తేల్చి, చివర్లో “ద మేటర్ ఈజ్ రిమిటెడ్” అన్నారు. నేను ఆలోచించకుండా “వెనక్కి పంపుతున్నారు” అనేశాను. పంపుతున్నది కేసును. మళ్ళీ విచారించమని ట్రిబ్యునల్‌కు పంపుతున్నారు. అంటే అక్కడికి ఆయన గెలిచినట్టే. కానీ ఆయనకు అర్థమైంది వేరు.

“నన్ను ఎనక్కి పంపిస్తన్నారా అమ్మా? ఎప్పుడెల్లాల?” అని అడిగి, బల్ల అంచును రెండు చేతులతో పట్టుకున్నారు.

నేను లేచి నిలబడి, నా అనువాదంలో పొరపాటు దొర్లిందని, సరిదిద్దుకోనివ్వమని జడ్జిగారిని అడిగాను. ఆవిడ తలూపారు. విడమరిచి చెప్పాక ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఇదంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ రెండు నిమిషాలూ ఆయన ముఖం ఎలా ఉందో నేను మరిచిపోలేకపోయాను. ఇంటికి వచ్చి, ఇకపై కోర్టు పనులు నాకు ఇవ్వవద్దని, ఆసుపత్రులు చాలని మా ఏజెన్సీకి మెయిల్ రాశాను. పంపే ముందు గంగాలిన్‌లో ఉన్న ప్రమీలకు ఫోన్ చేశాను. హైదరాబాద్‌లో ఎం.ఏ. కలిసి చదువుకున్నాం. తనది కరీంనగర్, ఇప్పుడు కాన్‌బెర్రాలో ఐటీ కాంట్రాక్టరు.

“గా మెయిల్ ఇప్పుడే పంపకు,” అంది. “ఇక్కడ హైకోర్ట్ ఉంది గదా. ఎవరైనా పోయి వినొచ్చు, పూరా ఫ్రీ. ఒక రోజు కూసొని విను. విన్నంక డిసైడ్ చేస్కో.”

అలా ఒక సోమవారం మధ్యాహ్నం బయలుదేరాను. బ్రిస్బేన్ నుంచి విమానంలో రెండు గంటల లోపే. విమానాశ్రయానికి ప్రమీల కారు తెచ్చింది. రాత్రి భోజనాల దగ్గర ఆమె కూతురు తన్వి నాకు మొదటి పాఠం చెప్పింది. ఆరో తరగతి చదువుతోంది. మనం తెలుగులో అడిగితే ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. అన్నిటికంటే పెద్ద కోర్టు సుప్రీం కోర్టే కదా అని నేను ఊరికే అంటే, “నో ఆంటీ, హియర్ ద సుప్రీం కోర్ట్ ఈజ్ జస్ట్ ఫర్ ద స్టేట్. హైకోర్ట్ ఈజ్ ద టాప్ వన్,” అంది. నిజమే. మన దేశంలో హైకోర్టు రాష్ట్రానిది, దాని పైన సుప్రీం కోర్టు. ఇక్కడ ఆ పేర్లు తలకిందులు. అమెరికాలో ఫెడరల్ సుప్రీం కోర్టు అన్నిటికీ పైనుంటుంది, రాష్ట్రాలకు వేరే సుప్రీం కోర్టులూ ఉంటాయి. కేసు ‘సుప్రీం కోర్టులో’ పడిందని ఊరికి ఫోన్ చేసి కంగారుపెట్టే మనవాళ్ళను చాలామందిని చూశాను. ఆ సంగతి చెబితే తన్వి చాలాసేపు నవ్వింది.

మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకు గంగాలిన్‌లో లైట్ రైలు ఎక్కాను. బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, టికెట్ వేరే కొనక్కర్లేదు. పొడవాటి రోడ్డు మధ్యలోంచి, రెండు పక్కలా యూకలిప్టస్ చెట్ల మీదుగా ఎండ పడుతుండగా, దాదాపు ఇరవై అయిదు నిమిషాల్లో సిటీ చేరింది. అక్కడ బస్సు మారాలి. హైకోర్టు దగ్గర దింపమంటే డ్రైవరు నన్ను పైనుంచి కింది దాకా చూసి, “కేసుందా?” అని అడిగాడు. వినడానికే వెళ్తున్నానన్నాను. “పదమూడేళ్ళుగా ఈ బస్సు తోలుతున్నాను, నేనింకా లోపలికి వెళ్ళలేదు. ఎలా ఉందో వచ్చేటప్పుడు చెప్పు,” అన్నాడు. బస్సు వంతెన మీదుగా సరస్సు దాటింది. దిగాక అయిదు నిమిషాల నడక.

సరస్సు ఒడ్డున కాంక్రీటు, గాజు కలిపి కట్టిన పెద్ద భవనం. ద్వారం వైపు ఎక్కే వాలుదారి పక్కన నీళ్ళు పారుతుంటాయి. లోపల బ్యాగు తనిఖీ చేశారు. ఎవరు, ఎందుకు వచ్చారు అని ఎవరూ అడగలేదు. నీలి కోటు వేసుకున్న ఒక పెద్దాయన, కోర్టు సహాయకుడు, ఫోను ఆపేయమని, లోపలికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ న్యాయమూర్తుల వైపు తల వంచాలని చెప్పాడు. పది గంటల ప్రాంతంలో నల్ల గౌన్లతో వాళ్ళు వచ్చి కూర్చున్నారు. గదిలో అందరూ లేచి నిలబడితే నేనూ లేచాను.

మొదటి అరగంట నాకేమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా దారి దొరికింది. ఒక చట్టంలోని ఒకే ఒక్క పదానికి అర్థం ఏమిటన్నదే తగువు. దాని మీదే గంటకు పైగా వాదన నడిచింది. మధ్యలో ఒక న్యాయమూర్తి, “మీరన్నది నాకు అందలేదు, మళ్ళీ చెప్పండి,” అన్నారు. తల నెరిసిన ఆ పెద్ద లాయరు మళ్ళీ చెప్పబోయి, మధ్యలో ఆగి, “క్షమించాలి, నేను తప్పుగా చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకుని ఇంకోలా చెప్పనివ్వండి,” అన్నారు. “చెప్పండి,” అన్నారు న్యాయమూర్తి. అంతే. ఎవరి ముఖమూ మారలేదు. లాయరు నీళ్ళు తాగి, ఇంకోలా చెప్పారు.

నేను నోట్సు రాయడం ఆపేశాను. దేశంలోనే పెద్ద కోర్టులో, అంత అనుభవమున్న మనిషి నోట కూడా తప్పు మాట దొర్లుతుంది. ఆయన దాన్ని అక్కడే దిద్దుకున్నారు. నేను చేసిందీ అదే కదా అనిపించింది.

భోజన విరామంలో ఆ నీలి కోటు పెద్దాయనను అడిగాను. “రిమిట్ అనే మాటను చదువుకోని మనిషికి చెప్పాలంటే ఎలా చెబుతారు?”

“నేను లాయరును కాదు,” అన్నాడాయన. “బడిపిల్లలు వచ్చినప్పుడు మాత్రం ఇలా చెబుతాను. పనిని సరిగా చేయనివాళ్ళకే ఆ పని మళ్ళీ అప్పగిస్తారు, ఈసారి సరిగా చేయమని. జడ్జి ఆ పని తానే చేసిపెట్టరు.”

అప్పగించడం. ‘కేసును మళ్ళీ విచారించమని ట్రిబ్యునల్‌కు అప్పగిస్తున్నారు.’ పుస్తకంలో రాసుకుని రెండుసార్లు లోలోపల చదువుకున్నాను. ఇందులో ప్రయాణం లేదు, విమానం లేదు. విన్నవాళ్ళెవరూ పెట్టె సర్దుకోరు.

ప్రమీల కట్టిచ్చిన పులిహోర సరస్సు ఒడ్డున బెంచీ మీద తిని, పార్లమెంటుకు నడిచాను. పాత పార్లమెంటు భవనం పక్కగా, తాపీగా నడిస్తే అరగంట. లోపల ఉచిత టూరులో నాతోపాటు ఒహాయో నుంచి వచ్చిన దంపతులున్నారు. సెనేట్, ప్రతినిధుల సభ అనే పేర్లు అమెరికా నుంచి తెచ్చుకున్నవేనని గైడు చెబితే వాళ్ళు మురిసిపోయారు. కాసేపటికి ఆ భార్య, “మరి మీ కార్యనిర్వాహక వర్గం ఏ భవనంలో ఉంటుంది?” అని అడిగింది. గైడు కింద ఆకుపచ్చ సీట్ల ముందు వరుస చూపించి, “అదిగో, అక్కడే,” అంది. “చట్టం చేసేవాళ్ళ మధ్యనే కూర్చుంటారా?” అని భర్త ఆశ్చర్యపోయాడు. వాళ్ళ అధ్యక్షుడు కాంగ్రెసులో సభ్యుడు కాడు, ఇక్కడి ప్రధాని సభలోనే కూర్చుని జవాబు చెప్పాలి. “కోర్టు మాత్రం రెండు చోట్లా విడిగానే ఉంటుంది,” అంది గైడు. ఆ పొద్దున నేను అక్కడే కూర్చుని వచ్చానని చెప్పినప్పుడు నా గొంతులో కాస్త గర్వం వినబడి ఉంటుంది.

సాయంత్రం ఆరింటికి గంగాలిన్ చేరాను. ప్రమీల టీ గ్లాసు చేతికిచ్చి, “ఏమైంది మరి?” అని అడిగింది. ఫోను తీసి, ఆమె ముందే ఆ మెయిల్ చెరిపేసి, ఏజెన్సీ నుంచి వారం కింద వచ్చిన కోర్టు పనికి ఒప్పుకున్నాను. “గట్లనే ఉండాలె,” అని తను వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ వెల్డరుగారి విషయం చెప్పాలి. ట్రిబ్యునల్ ఈసారి ఆయన కాగితాలన్నీ చూసి అనుకూలంగా నిర్ణయించింది. ఆ విచారణకు వేరే దుబాసీ వెళ్ళారు, నేను కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూరగాయల దుకాణం దగ్గర కనిపించి ఆయనే చెప్పారు. “ఆ దినం మీరు లేచి తప్పని ఒప్పుకున్నారు సూడండి, అప్పుడే నాకు దైర్యమొచ్చింది మేడమ్. ఈళ్ళు అబద్దం ఆడరనిపించింది,” అన్నారు.

చూడదగ్గ చోట్లంటే కొండలు, సముద్రాలు, గుళ్ళు అనుకుంటాం. మన బతుకుల గురించి నిర్ణయాలు జరిగే గదులను మాత్రం, వాటిలోకి ఈడ్చుకెళ్ళే అవసరం వస్తే తప్ప చూడం. ఏ అవసరమూ లేని రోజున వెళ్ళి వెనక వరుసలో కూర్చుంటే అక్కడా మనుషులే కనిపిస్తారు. వెతుక్కుంటూ, ఆగుతూ, మళ్ళీ చెబుతూ ఉంటారు. నాకు ఆ దృశ్యం ఏ జలపాతానికీ తీసిపోలేదు.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా. హైకోర్టులో విచారణలు అన్ని వారాలూ ఉండవు. కోర్టు వెబ్‌సైటులో ఏ రోజు విచారణ ఉందో చూసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్టు కొనండి. లోపల మొదటి అరగంట ఏమీ అర్థం కాకపోయినా లేచి రాకండి.