సరుకు ఎవరి పేరున ఉంది

ఒంగోలులో ఒక కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెబుతాను. లినక్స్‌లో ఏ ఫైలు ఎవరిది, దాన్ని ఎవరు తెరవచ్చు, ఎవరు తెరవకూడదు అన్న పాఠం బాగా చెబుతానని పిల్లలంటారు. నాకు మాత్రం ఆ పాఠం పర్చూరు దగ్గర పల్లెలో మా పిన్ని చెప్పింది.

పిన్ని, బాబాయి రెండెకరాలు కౌలుకు చేస్తారు. ఆ ఏడు వాళ్ల మిరపచేలో ఒకే సాలులో మూడు రకాల కాయలు కాశాయి. కొన్ని చెట్లు ఏ పక్షమూ వహించకుండా అసలు కాయనే లేదు. విత్తనం కల్తీది. అది అమ్మిన కొట్టు, పొలం కౌలుకిచ్చిన ఆసామిదే. కౌలేమో నోటిమాట. ఫలానావాళ్లు ఫిర్యాదు చేశారని ఆయన చెవిన పడితే మరుసటేడు ఆ పొలం ఇంకొకరిది.

పేరు చెప్పుకోలేనివాళ్లు సమాచారం పంపడానికి ఒక పత్రిక వేరే చిరునామా పెట్టింది. పంపిందెవరో పత్రికక్కూడా తెలియనివ్వని బ్రౌజర్ ఒకటుంది, అందులో అయితేనే ఆ చిరునామా తెరుచుకుంటుంది. "పది నిమిషాల పని పిన్నీ" అని ఒక ఆదివారం పొద్దున్నే నా లాప్‌టాప్‌తో వాళ్ల వరండాలో కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనానికి కూడా అక్కడి నుంచే లేచాను.

లినక్స్‌లో రూట్ అని ఒక సర్వాధికారి ఉంటాడు. ఏ ఆజ్ఞకైనా ముందు సుడో అని తగిలిస్తే ఆ పని ఆయన పేరు మీద జరిగిపోతుంది. అవసరమున్న చోటే వాడాలని పిల్లలకు చెబుతాను. నేను అన్నిటికీ తగిలించాను. బ్రౌజర్ ఫోల్డరును సుడోతో విప్పాను, సుడోతోనే తెరవబోయాను. రూట్‌గా వస్తే నడవనని మూసుకుంది. మామూలుగా తెరిస్తే ప్రొఫైలు, అంటే తన సెట్టింగులు దాచుకునే చోటు, అందడం లేదంది. చివరికి చదువుకున్నవాడు చేయకూడని పని చేశాను. ఆ ఫోల్డరు మీద సకల హక్కులూ సకల జనులకూ ఇచ్చేశాను.

పక్కనే కూర్చుని తాలుకాయలు ఏరుతున్న పిన్ని, "ఏం చేశావురా?" అంది.

"అందరికీ తలుపులు తీశాను పిన్నీ."

"మనం కూర్చుంది దాక్కుందామని గదరా! తలుపులు తీయడమేంటి?"

అంత చేసినా బ్రౌజర్ కిటికీ తెరుచుకుందే గానీ కనెక్షన్ కుదరలేదు. ఒక వాక్యం వచ్చింది. పిన్నికి తెలుగులో చదివి వినిపించాను. "ఈ ఫోల్డరు నీది కాదు, రూట్‌ది. వేరే మనిషిగా వచ్చావేమో చూసుకో అంటోంది."

"నువ్వెవరి పేరున పెట్టావు?"

"రూట్ పేరున."

"ఎందుకు?"

"పెద్దాయన గదా అని."

పిన్ని చేట కింద పెట్టింది. "నిరుడు మీ బాబాయీ ఇట్టాగే ఏడ్చాడు. పెద్దాయన గదా అని, మన మిరప టిక్కీ బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీలో మీ పెదనాన్న పేరున పెట్టాడు. తెచ్చుకుందామని పోతే ఆయనేమో పెళ్లికని కొత్తపట్నంలో ఉన్నాడు. తలుపులు బార్లా తెరిచే ఉన్నయ్యి. ఏం లాభం? ఆయన సంతకం లేందే మన కాయలు మనకే చూపించలా."

"మర్యాదంటే తెలియని మనిషిరా ఇది" అన్నాడు బాబాయి మంచం మీద నుంచి.

"మర్యాద నోట్లో పెట్టుకోవాలయ్యా, రసీదు మీద కాదు."

ఆ ఫోల్డరు మొత్తం తుడిచేశాను. సుడో జోలికి పోకుండా, నా పేరు మీదే మళ్లీ విప్పాను. మొదటిసారికే తెరుచుకుంది. పిన్ని ఏమీ ఆశ్చర్యపోలేదు. ఎవరి పేరున పెట్టిన సరుకు వాళ్లకు రాక ఎటు పోతుందన్నట్టు చూసింది.

చేలో ఫోన్‌తో తీసిన ఫోటోల్లో ఊరి ఆచూకీ కూడా దాగి ఉంటుందని, దాన్నంతా చెరిపేశానని నేను కాస్త గొప్పగానే చెప్పాను. పిన్ని కళ్లద్దాలు పెట్టుకుని ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"ఇది తీసెయ్. గట్టు మీద మీ బాబాయి ఎర్రగళ్ల లుంగీ ఆరేసి ఉంది. ఊళ్లో చంటిపిల్లాడు కూడా గుర్తుపడతాడు. ఇదీ వద్దు, ఆ మోటారు పెట్టె బిగించింది ఆ ఆసామే. ఈ విత్తనాల పొట్లం ఉండనీ, ఊళ్లో సగంమందికి ఆ పొట్లాలే అమ్మాడు."

ఆనవాళ్లు దాచడం గురించి నేను చాలా చదివాను. అందులో ఎక్కడా లుంగీ ప్రస్తావన లేదు. పిన్ని ఉంచమన్న నాలుగు ఫోటోలు పంపాం.

పత్రికలో వార్త వచ్చింది. అధికారులు వచ్చి ఊళ్లో అందరి చేలలోనూ నమూనాలు తీసుకున్నారు. ఆ వారంలోనే ఆసామి పిన్నివాళ్ల వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"ఎవడు పంపుంటాడంటావమ్మా?"

"ఎవరో బాగా చదువుకున్నోళ్లయి ఉంటారు అన్నయ్యగారూ. మనకేం తెలుస్తది?"

ఆయన నావైపు తిరిగాడు. "మీవాడు కంప్యూటర్లు చెబుతాడుగా..."

"వీడా!" పిన్ని నవ్వింది. "నా ఫోన్‌లో గంట మోగకపోతే బాగుచేయమని ఇచ్చా. ఇప్పుడు అసలు ఫోనే రావట్లేదు."

ఆసామి మనసు కుదుటపడింది. జాలిగా నన్నొకసారి చూసి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. నా చదువు గురించి ఇంతవరకు ఎవరూ అంత నమ్మకంగా మాట్లాడలేదు. నాకు చాలా గర్వమేసింది.

ఈ ఏడు కూడా ఆ రెండెకరాలు పిన్నివే. నారు మాత్రం ఆ కొట్టు విత్తనంతో పోయలేదు, తన గింజలతో తనే పోసుకుంది.