తలకిందులుగా పెట్టిన షిఫ్ట్ క్యాప్

2022 వానాకాలం మొదట్లో, నా పదవీ విరమణకు రెండు నెలలు ఉందనగా, జనగామలోని మా మరమ్మతుల కేంద్రంలో చివరి పెద్ద పని నాకు అప్పగించారు. చుట్టుపక్కల జిల్లాల కార్యాలయాల కంప్యూటర్లు, ప్రింటర్లు అక్కడికి వచ్చేవి. నేను అక్కడ సీనియర్ టెక్నీషియన్‌ను. బడికి పోయినదాన్ని కాదు. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర టైపు మిషన్లు బాగుచేసే మా అబ్బా నాకు అక్షరాలు, లెక్కలు, ఆ తర్వాత టంకం పెట్టడం ఇంట్లోనే నేర్పాడు. పరీక్షలు ప్రైవేటుగా రాశాను. అంత మాత్రం చదువుతో ఆ కుర్చీ దాకా వచ్చానంటే అది అల్లా దయ, అబ్బా ఓపిక.

పని ఇదీ. భూపాలపల్లిలో ఒక కార్యాలయంలో సునీత అనే ఒప్పంద టైపిస్టు ఉండేది. ఆటో బోల్తాపడి ఆమె కుడి భుజం దెబ్బతిన్నది. వేళ్లు చక్కగా ఆడతాయి గానీ చేయి పక్కకు చాచలేదు, ముందుకు జాపలేదు. మామూలు కీబోర్డుకు కుడివైపున అంకెల మీటలు, వాటికి అవతల మౌస్ ఉంటాయి. అంతదూరం చేయి పోనిస్తే ఆమెకు ప్రాణం పోయినంత పని. నెలాఖరున సూపరింటెండెంట్ ఎదుట ఒక పేజీ జాబు పది నిమిషాల్లో కొట్టి చూపిస్తేనే ఒప్పందం పొడిగిస్తామన్నారు. ఇంట్లో ఆమె జీతమొక్కటే ఆధారం.

కొలతలకు నేనే వెళ్లాను. బాధలో ఉన్న మనిషి ఎట్లా మాట్లాడుతుందో అనుకుంటూ పోతే, ఆమే నన్ను నవ్వించింది.

"వేళ్లకు ఏం రోగం లేదక్కా. ఈ భుజమే, మా ఆఫీసు ఫైలు లెక్క, ఉన్నకాడికెల్లి కదల్తలేదు."

టైపు మిషన్ల కాలంలో అబ్బా వాడిన పద్ధతే నేనూ వాడాను. బల్ల మీద తెల్లకాగితం, దాని మీద కార్బన్ పేపరు పరిచి, కళ్లు మూసుకుని వేళ్లు ఆడించమన్నాను. నొప్పి లేకుండా ఏ వేలు ఎంతవరకు పోతుందో కాగితం మీద చుక్కలై పడింది. ఆ చుక్కల మీదే నమూనా గీశాను.

అంకెల మీటలు తీసేశాను, దాంతో మౌస్ చేతికి దగ్గరగా వచ్చింది. పైనుండే అంకెల వరుసా తీసేశాను. ఎడమ బొటనవేలి పక్కన ఒక మీట నొక్కిపట్టుకుంటే అక్షరాల మీటలే అంకెలవుతాయి. ఇంగ్లీషు కోసం చేసే చిన్న కీబోర్డులలో కుడి అంచున ఉండే గుర్తుల మీటలను కూడా తీసేస్తారు. తెలుగు టైపులో చ, ట, డ ఉండేది అక్కడే, కాబట్టి వాటిని ముట్టుకోలేదు. స్పేస్‌ను రెండు ముక్కలు చేసి, ఎడమ ముక్క స్పేస్‌కు, కుడి ముక్క చెరిపే మీటకు ఇచ్చాను. ఒక అక్షరం మీట వెడల్పును మేం ఒక గడి అంటాం. ఈ రెండింటినీ మూడేసి గడులుగా గీసి, మీటలు కూర్చునే రేకు పలకను లేజర్‌తో కోయించాను.

మీటల మీద తొడిగే కీక్యాప్‌ల పెట్టె వచ్చాక గానీ నా పొరపాటు తెలియలేదు. మామూలు సెట్‌లో మూడు గడుల క్యాప్ ఉండనే ఉండదు. నేను ఏమాత్రం తొణకలేదు. టైపు మిషన్‌కు భాగం దొరక్కపోతే అరగదీసి వేసుకోవడమే మా ఇంటి విద్య. ఆరుంపావు గడుల స్పేస్‌బార్‌ను రంపంతో రెండుగా కోసి, అంచులు ఆకురాయితో రాకి, అడుగున కాళ్లు అతికించాను. కోసిన జాడ వేలికి కూడా తగలదు. మురిసిపోతూ మా కేంద్రం అధికారి బల్ల మీద పెట్టాను.

ఆయన వేలితో తడిమి చూశారు. "పని మంచిగున్నది రజియాబీ. రేపు మీరు రిటైరైనంక ఇది ఇరిగితే, భూపాలపల్లిల ఎవలు కోస్తరు?"

నేను మధ్యాహ్నపు జొహర్ నమాజుకు లేచాను. తిరిగొచ్చి, పలకను పక్కన పడేసి, పెట్టెలోని క్యాప్‌లన్నీ బల్ల మీద పరిచాను. అబ్బా నుంచి నేర్చుకున్నదాన్ని ఆ ఒక్కరోజు పక్కనపెట్టాను. ఉన్న క్యాప్‌లను చూసి వాటికి తగ్గట్టు గడులు వేశాను. కుడి షిఫ్ట్ క్యాప్ రెండుముప్పావు గడులు, దాన్ని స్పేస్‌కు వాడాను. ఎంటర్ క్యాప్ రెండుంపావు, అది చెరిపే మీటకు. పొడుగు మీట ఒక పక్కకు ఒరగకుండా కింద ఊత కమ్మి ఉంటుంది. ఈ రెండు కొలతలకూ ఒకే రకం కమ్మి సరిపోతుంది. ఎంటర్‌కు వరుస చివర చిన్న క్యాప్ ఇచ్చాను. షిఫ్ట్ క్యాప్ వాలు బొటనవేలికి ఎదురు తగులుతుంటే తిప్పి తొడిగాను. మళ్లీ పలక కోయించి, తీగలు టంకం పెట్టి, గడువుకు వారం ముందు తీసుకెళ్లాను.

సునీత దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, షిఫ్ట్ అని తలకిందులు రాసి ఉన్నదేంది? నన్ను పరేషాన్ చేద్దామనా?"

"సదవకు బిడ్డా, కొట్టు."

రెండు రోజులు తిట్టుకుంది. మూడో రోజు నుంచి తిట్టడం మానింది. పరీక్ష రోజు నేను ఆమె వెనకే నిలబడి మనసులో దువా చేసుకున్నాను. సూపరింటెండెంట్ గడియారం చూస్తూ కూర్చున్నారు. ఆమె భుజం కుర్చీకి ఆనుకునే ఉంది, చేతులు రెండూ ఒంటికి దగ్గరగానే ఆడుతున్నాయి. తొమ్మిదో నిమిషంలో చివరి ఫుల్‌స్టాప్ పడింది. ఆయన కాగితం రెండుసార్లు చదివి, "రేపటి నుంచి తపాలా జాబులు కూడా ఈమెకే ఇయ్యండ్రి" అన్నారు.

"గీ పని ఎక్కువైందక్కా, నీ వల్లనే" అంది సునీత, బయటికి వచ్చాక కళ్లు తుడుచుకుంటూ.

ఆ తర్వాతి ఏడాది సునీత ఫోన్ చేసింది. చేతిలోని స్టాప్లర్ జారిపడి స్పేస్ మీది క్యాప్ పగిలిందట. బజారులో కంప్యూటర్ దుకాణంలో ఎవరిదో పాత గేమింగ్ కీబోర్డు నుంచి షిఫ్ట్ క్యాప్ తీసుకుని, తానే తిప్పి తొడుక్కుందట. నన్ను అడగాల్సిన అవసరం రాలేదని చెప్పడానికే ఫోన్ చేసింది. ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులలో అంతకంటే పెద్దది లేదు. అల్లాకు షుక్ర్ చెప్పుకున్నాను.

నేను నేర్చుకున్నది ఇంతే. నమూనా గీసేముందు ఆ ఊళ్లో దొరికేదేమిటో బల్ల మీద పరిచి చూసుకోవాలి. చేసినవాళ్లు లేకపోయినా బాగుచేసుకోగలిగితేనే పని పూర్తయినట్టు లెక్క.