ఉమ్మడి బియ్యం, విమానం టికెట్టు

ఢిల్లీ సరోజినీ నగర్‌లో మా క్వార్టర్ల తెలుగు కుటుంబాలకు ఒక అలవాటుంది. నెలకోసారి కరోల్ బాగ్‌లోని ఆంధ్రా సరుకుల కొట్టు నుంచి సన్నబియ్యం, కందిపప్పు, పచ్చళ్లు అందరికీ కలిపి తెప్పించుకుంటాం. బిల్లు నా క్రెడిట్ కార్డు మీద కడతాను. ఎవరి వాటా వాళ్లు సాయంత్రానికల్లా నా ఖాతాలో వేస్తారు. కార్డు వాడినందుకు బ్యాంకు ఇచ్చే పాయింట్లు నాకు మిగులుతాయి. దీన్ని నేను సమాజసేవ అనేవాణ్ని. ఎవరూ ఖండించలేదు, బహుశా మర్యాదకొద్దీ.

నర్సుగా పనిచేసే మా ఆవిడది ఒకటే నియమం: గడువులోపు పూర్తిగా కట్టలేనిది కార్డు మీద కొనకూడదు. కనీస మొత్తం కడితే చాలని బ్యాంకు ఎంత ఆప్యాయంగా చెప్పినా వినేది కాదు. ఆమె వార్డులో రోగులు కూడా భయంతోనే కోలుకుంటారని నా అనుమానం.

పోయిన చలికాలం కాకినాడ నుంచి ఫోన్. మా అత్తగారి గుండె ఆపరేషన్ ముందుకు జరిపారట, ఎల్లుండి ఉదయమే. థియేటర్లోకి తీసుకెళ్లేలోపు అమ్మ పక్కన ఉండాలని మా ఆవిడ ఆరాటం. రైళ్లన్నీ వెయిటింగ్ లిస్టు. విమానం టికెట్టు ధర చూసి ఇద్దరం గోడ వైపు చూశాం. పిల్లల ఫీజులు అప్పుడే కట్టి ఉన్నాం.

"కార్డు మీద తీసేద్దాం," అన్నాను.

"వచ్చే నెల పూర్తిగా కట్టగలమా?"

కట్టలేం. అమ్మను చూడాలన్నా ఆమె నియమం ఆమెకు అడ్డే.

"పోనీ, పాయింట్లున్నాయి. రాజమండ్రికి టికెట్టు వస్తుంది."

ఆమె ముఖం విప్పారింది, అంతలోనే ఆగిపోయింది. "అవి మనవే కాదు కదండీ. అందరి బియ్యం మీద వచ్చినవి. ఒకమాట అడగాలి."

సీట్లు అయిపోతుంటే అనుమతి కోసం ఎదురింటికి బయలుదేరింది. నేను ఫోన్ పట్టుకుని వెనకాలే నడిచాను. తలుపు తీసిన వరంగల్ ఆంటీ అంతా విన్నారు.

"అచ్ఛా, గిది అడగనీకె వచ్చినవా బిడ్డా? మా బియ్యం మేం తిన్నం, మా పప్పు మేం తిన్నం. పాయింట్లు ఏం జేసుకుంటం, పోపు పెట్టుకుంటమా? పో, బ్యాగ్ సదురుకో!"

మిగతా ఇళ్లకు ఆంటీయే ఫోన్లు చేశారు. నేను టికెట్టు బుక్ చేసేసరికి పులిహోర డబ్బా ఒకటి, ఎయిర్‌పోర్టుకు కారు ఒకటి సిద్ధమయ్యాయి. నా సమాజసేవ అసలు స్థాయి ఎంతో ఆ రోజే తెలిసింది.

ఆపరేషన్‌కు ముందు రాత్రంతా మా ఆవిడ తల్లి మంచం పక్కనే ఉంది.

"ఇంత డబ్బెందుకు తగలేశావే?" అన్నారట అత్తగారు.

"డబ్బు కాదమ్మా, బియ్యం."

తనకు మత్తుమందు ముందే ఇచ్చేశారేమోనని అత్తగారు కూతురి వంక అనుమానంగా చూశారట.

ఆపరేషన్ బాగా జరిగింది. గొంతు కాస్త పెగిలాక ఆవిడ ఫోన్లోనే ప్రార్థన చేశారు. బియ్యం కొన్న ఇళ్లనూ, పప్పు కొన్న ఇళ్లనూ, కారిచ్చిన చేతులనూ దీవించమని ప్రభువును వేడుకున్నారు. స్పీకర్ చుట్టూ చేరిన మేమందరం ఆమెన్ అన్నాం, మతాలతో పనిలేకుండా.

ఆ దీవెనల్లో బ్యాంకును కూడా కలపమని నేను అడిగాను. ఆలోచించి చెబుతానన్నారు.