చాచా చేసిన వాకౌట్

హోటల్ చాచా పోయాడన్న సంగతి నాకు నార్కట్‌పల్లి చౌరస్తాలో తెలిసింది. నల్లగొండ బస్సు కోసం నిలబడి ఉంటే ఎవరో వెనుక నుంచి భుజం తట్టారు. చూస్తే నేను ఒకప్పుడు పనిచేసిన ఊరి పాత ఉపసర్పంచ్. పదవి పోయి చాలా కాలమైనా భుజం మీద తువ్వాల మడత మాత్రం చెక్కుచెదరలేదు. "బాగున్నవా సారూ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే, "చాచా పోయిండు. మొన్న శుక్రారం. కూసున్నోడు కూసున్నట్లే పాణం ఇడిశిండు. ఊరంత పోయి మట్టి ఇచ్చొచ్చినం" అన్నాడు.

ఆయన అక్కడితో ఆగలేదు. "సంతాప సభ పెడుదామనుకున్నం సారూ. గని అధ్యక్షత నేను చెయ్యాల్నా, సర్పంచ్ చెయ్యాల్నా అన్న కాడ ఆగింది" అన్నాడు. ఇద్దరికీ పదవులు పోయినా అధ్యక్షత పోలేదన్నమాట. ఏడవబోయినవాణ్ని చౌరస్తాలో అందరి ముందూ గట్టిగా నవ్వాను. బస్సెక్కి కూర్చున్నాక ఏడ్చాను. ఆ సభ ఎలాగూ జరిగేలా లేదు కాబట్టి, ఈ కాగితం మీద నన్ను నేనే అధ్యక్షుణ్ని చేసుకుని జరుపుకుంటున్నాను.

నకిరేకల్ దాటి లోపలికి పోయే ఆ ఊరికి నేను ఎనభైల చివర్లో టీచరుగా వెళ్లాను. మాది కృష్ణకు దగ్గరి ఆత్మకూర్. నీళ్లంటే ఎక్కడైనా ఉండేవే అనుకునేవాణ్ని. ఆ ఊళ్లో పంచాయతీ ఆఫీసుకు ఎదురుగా చాచా హోటలు, హోటలు వెనుక ఇల్లు. ఆ ఇంట్లో ఒక గది నాకు కిరాయికి ఇచ్చాడు. గది చూపించిన రోజే చెప్పాడు: "సారూ, స్నానం జర చూసుకుంట చెయ్యి. ఈడ నీళ్లు దొరకవు. దొరికిన నీళ్లు తాగితే మోకాళ్లు పట్టుకుంటయ్." అప్పుడే లోపలి నుంచి ఆయన భార్య చాచీ వచ్చింది. గడప దాటడానికి ఆమె దర్వాజా పట్టుకుని ఒక్కొక్క కాలే తీసి పెట్టుకోవడం చూశాక ఆ మాట నాకు అర్థమైంది.

హోటలంటే రేకుల షెడ్డు, ఒక పొయ్యి, రెండు బెంచీలు, ఒక రేడియో. రేడియోకు చాచీ కుట్టిన గలీబు ఉండేది. వార్తలప్పుడు మాత్రమే చాచా దాని ముసుగు తీసేవాడు. గోడకు ఒక రేకు బోర్డు, దాని మీద "ఇచ్చట రాజకీయాలు మాట్లాడరాదు" అని ఎర్ర అక్షరాలు. ఒకప్పుడు ఎన్నికల సమయంలో గ్లాసులు పగిలాయట, అప్పుడు పెట్టించాడు. ఆ బోర్డు విషయంలో చాచా చాలా కఠినుడు. ఎవరైనా జెండా మాట ఎత్తగానే చాయ్ గ్లాసు చేతిలోంచి వెనక్కి తీసుకునేవాడు. "నువ్వెవరికి ఓటేసినవ్ చాచా?" అని ఎవరడిగినా "చాయ్ తాగేటోళ్లకు" అనేవాడు. దాంతో రెండు పార్టీలవాళ్లూ ఆయన తమవాడేనని గట్టిగా నమ్మారు.

ఆ పంచాయతీ కథ చెప్పాలి. సర్పంచ్ ఒక పార్టీ. వార్డు మెంబర్లలో ఎక్కువమంది ఇంకో పార్టీ, వాళ్లకు ఉపసర్పంచ్ నాయకుడు. సర్పంచ్ మనుషులు గోడ పక్క బెంచి మీద కూర్చునేవాళ్లు, మిగతావాళ్లు రోడ్డు వైపు బెంచి మీద. పార్టీల పేర్లు ఎత్తకూడదు కాబట్టి చాచా వాళ్లను గోడ బెంచోళ్లు, రోడ్డు బెంచోళ్లు అనేవాడు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ నాకూ ఆ పేర్లే అలవాటయ్యాయి. ఇప్పటికీ పేపర్లో అసెంబ్లీ ఫొటో చూస్తే ముందు గోడ ఎటుందో వెతుకుతాను.

ఒకరోజు రేడియోలో అసెంబ్లీ వార్తలు వస్తున్నాయి. ప్రతిపక్షం వాకౌట్ చేసిందని చెప్పారు. ఆ మాట ఉపసర్పంచ్‌కు తెగ నచ్చింది. తర్వాతి పంచాయతీ మీటింగులో సర్పంచ్ నోరు తెరవగానే ఈయన లేచి, "మేం వాకౌట్ చేస్తున్నం" అని తనవాళ్లందరినీ వెంటేసుకుని బయటికొచ్చాడు. వచ్చాక ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. వాకౌట్ చేసినవాళ్లు తర్వాత ఎక్కడికి పోతారో రేడియో ఎన్నడూ చెప్పలేదు కదా. మెట్ల మీద ఎండలో బిక్కమొహం వేసుకుని నిలబడ్డారు. చాచాకు జాలేసింది. "ఎండల నిలవడుడెందుకు? రాండ్రి, కూసోండ్రి" అని పిలిచాడు. వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టాడు.

ఆ వాసన రోడ్డు దాటి సర్పంచ్ ముక్కుకు తగిలింది. తర్వాతి మీటింగులో ఆయనే ముందు లేచి వాకౌట్ చేశాడు. అధ్యక్ష స్థానంలో ఉన్నవాడు తన మీటింగు నుంచి తానే వాకౌట్ చేయవచ్చా అని గ్రామ కార్యదర్శి రూల్సు పుస్తకం తిరగేశాడు. అలాంటి సందేహం ఆ పుస్తకం రాసినవాళ్లకు కూడా వచ్చినట్లు లేదు, అందులో ఏమీ దొరకలేదు. అప్పటి నుంచి మీటింగు అంటే కార్యదర్శి అజెండా చదవడం, ఇరుపక్షాలూ లేవడం, అందరూ చాచా హోటల్లో తేలడం. లోపల కార్యదర్శి ఒక్కడే మిగిలి సద్ది డబ్బా విప్పుకునేవాడు.

హోటల్లో వాళ్లు ఎంత మంచివాళ్లో చెప్పలేను. ఒకరి సాసరులో ఒకరు చాయ్ పోసుకునేవాళ్లు. నీ బర్రె ఈనిందా అంటే నీ కొడుకు పాసైండా అనుకునేవాళ్లు. ఊరి సంగతి మాత్రం ఎత్తేవాళ్లు కాదు, గోడ మీద బోర్డు ఉంది కదా. ఆఫీసులో మాట్లాడకుండా వాకౌట్ అడ్డు, హోటల్లో మాట్లాడకుండా బోర్డు అడ్డు. రోడ్డు మధ్యలో మాట్లాడుకుందామంటే ఎండ.

ఆ ఏడు ఎండాకాలం ముందే పంచాయతీ బోరు మోటరు కాలిపోయింది. నల్లాలు ఆగిపోయాయి. మోటరు బాగుచేయించాలంటే బడ్జెట్ పాసు కావాలి. కార్యదర్శి మంచివాడే గాని, ఒకే పొరపాటు చేశాడు. మోటరు రిపేరు, నీళ్ల ట్యాంకుకు రంగు, రెండూ నీళ్ల పనులే కదా అని ఒకే పద్దు కింద రాశాడు. మోటరు గురించి ఎవరికీ పేచీ లేదు. ట్యాంకుకు ఏ రంగు? ఊళ్లో అంతెత్తున కనపడేది అదొక్కటే. మా జెండా రంగే వెయ్యాలని సర్పంచ్, మా జెండా రంగే వెయ్యాలని మెంబర్లు. చెరి సగం వేద్దామని కార్యదర్శి బతిమాలాడు. బస్టాండు వైపు ఎవరి సగం ఉండాలన్న దాని మీద మళ్లీ వాకౌట్.

ఢిల్లీలోనో హైదరాబాదులోనో బడ్జెట్ ఆగితే ఏమవుతుందో పేపర్లో చదివి తెలుసుకోవాలి. ఆ ఊళ్లో నల్లా తిప్పితే తెలిసేది. వీధి దీపాల బుగ్గలు మాడిపోతే కొత్తవి వేసే దిక్కులేదు. ఊడ్చేవాళ్లకు జీతాల్లేక చీపుళ్లు మూలన పెట్టారు. అన్నిటికంటే నీళ్లు. ఊరి బయట మెట్ట చేలల్లో ఉన్న ఒక చెలక బావి నుంచి ఆడవాళ్లు బిందెలతో మోసేవాళ్లు. తెల్లవారుజామున చాచా కావడి వేసుకుని పోయేవాడు, ఆదివారం నేను సైకిలుకు డబ్బాలు కట్టుకుని పోయేవాణ్ని. మామూలు రోజుల్లో అవి సరిపోయేవి. మీటింగు రోజు సరిపోయేవి కావు. వాకౌట్ చేసినవాళ్లకు దూప ఎక్కువ. ముందు మొహాలు కడుక్కునేవాళ్లు, తర్వాత నీళ్లు, తర్వాత చాయ్, మళ్లీ చాయ్. చాచా పొయ్యి విడిచి కదల్లేడు. అందుకని మిట్టమధ్యాహ్నం బిందె పట్టుకుని చాచీ బయల్దేరేది. ఆ మోకాళ్లతో.

"ఎందుకు చాచీ, లేవని చెప్పరాదూ?" అని నేనోసారి అన్నాను. "ఇంటికొచ్చినోళ్లకు నీళ్లు లేవంటరా బేటా?" అంది.

అలాంటి ఒక మీటింగు రోజు బెంచీల మీద అందరూ పగలబడి నవ్వుతుండగా ఒకామె పరుగున వచ్చింది. "చాచీ చెలక గట్టు మీద పడ్డది, లేస్తలేదు" అంది. నిజం చెప్పాలి, అందరికంటే ముందు ఉరికింది వాళ్లే. గోడ బెంచీ, రోడ్డు బెంచీ అని లేదు. సర్పంచ్ ట్రాక్టరు తెచ్చాడు. ఉపసర్పంచ్ తన తువ్వాల చింపి ఆమె కాలికి కట్టాడు. ట్రాలీలో చాచీకి దెబ్బ తగలకుండా రెండు పక్కలా మెంబర్లు పట్టుకుని కూర్చుంటే నకిరేకల్ దవాఖానకు పోయాం. మడమ దగ్గర ఎముక విరిగింది. చాచా దారి పొడవునా ఆమె చెయ్యి పట్టుకుని, మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా చూస్తూ కూర్చున్నాడు.

ఇంత జరిగాక బడ్జెట్ పాసైపోతుందని నేననుకున్నాను. వయసు చిన్నది. తర్వాతి మీటింగు నాడు బడి సెలవు కావడంతో నేను ఇంట్లోనే ఉన్నాను. కార్యదర్శి పద్దు చదవడం, "రంగు" అన్న మాట దగ్గర కేకలు, ఆ తర్వాత రెండు వాకౌట్లు, అన్నీ వరసగా వినిపించాయి. మెంబర్లంతా రోడ్డు దాటి వచ్చారు. వచ్చి ఆగిపోయారు.

హోటలు మూసి ఉంది. పొయ్యిలో నిప్పు లేదు. బెంచీలు రెండూ లోపల వేసి తాళం పెట్టి ఉంది. ఆ తాళం ముందు చాచా గొడుగు వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏంది చాచా, పండుగనా?" అన్నాడు సర్పంచ్.

"కాదు. నేను గూడ వాకౌట్ చేసిన."

"దేంట్లకెళ్లి?"

"నా హోటల్లకెళ్లి."

ఎవరో నవ్వబోయి ఆగారు. ఉపసర్పంచ్ మెల్లగా, "గట్లంటే ఎట్ల చాచా? మేమెక్కడ కూసోవాలె?" అన్నాడు. చాచా గొడుగు ముడిచి దాని కొసతో పంచాయతీ ఆఫీసు చూపించాడు.

"గాడ. గవర్నమెంటు కుర్చీలు ఏసింది గాడనే గదా? మీరు గాడ కొట్లాడుతరు, గీడికొచ్చి చాయ్ తాగుతరు. మీకు మంచిగనే ఉన్నది. నడుమ నీళ్లు మోసుడు మా ముసల్దానికి. ఆమె ఏ పార్టీ? ఆమె మోకాలు ఏ పార్టీ? చెప్పుండ్రి." చాచా గొంతు పెంచడం నేను విన్నది ఆ ఒక్కసారే. "నాదే గల్తీ. బోర్డు పెట్టి నోరు మూసుకున్న. మిమ్ముల మంచిగ కూసోవెట్టి, మంచిగ చాయ్ పోసి, మీ లొల్లికి నీడ ఇచ్చిన. మోటరు నడిచినంక హోటల్ తెరుస్త. అప్పటిదాంక ఖుదా హాఫిజ్."

రోడ్డు మీద నిలబడ్డారు. మే నెల ఎండ, కాళ్ల కింద ఇసుక కాలుతోంది. ఇంటికి పోదామంటే ఎదుటివాళ్లు ముందు పోవాలి, లేకపోతే ఓడినట్లు. మీటింగులోకి పోదామన్నా అంతే. ఎదురెదురుగా చూసుకుంటూ ఒక కాలి మీదా, మరో కాలి మీదా మార్చి మార్చి నిలబడ్డారు. చివరికి ఎవరు ముందు కదిలారో ఇప్పటికీ తేలలేదు. రెండు పక్షాలూ ఎదుటివాళ్లే అంటాయి. లోపలికి పోయేసరికి కార్యదర్శి అలవాటు ప్రకారం సద్ది డబ్బా తెరిచి ముద్ద కలుపుతున్నాడు. మీటింగు మళ్లీ మొదలు కావడం తన సర్వీసులో చూడలేదు పాపం, కలిపిన చెయ్యి కలిపినట్లే లేచి నిలబడ్డాడు.

చాయ్ లేక తలలు పగిలిపోతున్నాయి, తువ్వాలలు తడిసిపోయాయి. అంత ఎండలో జెండా రంగు మీద పట్టుదల ఎంతసేపు ఉంటుంది? ట్యాంకుకు సున్నం వేద్దాం, తెల్లగా, అని ఎవరో అన్నారు. తెలుపు ఎవరి జెండాలోదని ఒకాయన అనుమానపడ్డాడు గాని, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. అందరి చేతులూ లేచాయి. కార్యదర్శి కూడా పొరపాటున ఎంగిలి చెయ్యి ఎత్తాడు.

చాచా దగ్గర నేను ఎన్నో నేర్చుకున్నాను. చాయ్‌లో అల్లం దంచి వేయాలి గాని తరగకూడదని, పిల్లల్ని కొట్టి వచ్చిన రోజు చాయ్ రుచించదని ఆయనే చెప్పాడు. రెండోది నిజమే, పరీక్షించి చూశాను. మంచితనం కూడా ఒక్కోసారి లొల్లికి నీడ ఇస్తుందని మాత్రం ఆయన చెప్పలేదు, తాళం వేసి చూపించాడు. ఆయన ఇంట్లో ఉన్న ఆ కొన్నేళ్లకు నేను రుణపడి ఉన్నాను. ఆ మనిషి లేడంటే నాకు దుఃఖంగా ఉంది.

మోటరు బాగై వచ్చి బోరులో దింపేసరికి చాచీ కాలి కట్టు విప్పారు. నల్లా వదులుతారని తెలిసి ఊరంతా చేరింది. హోటలు పక్క నల్లా ముందు బుసబుసా గాలి కక్కింది, తర్వాత తుప్పు నీళ్లు, ఆ తర్వాత తేట నీళ్లు. ఆడవాళ్లు బిందెలతో ముందుకు వస్తుంటే చాచా చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. లోపలికి పోయి చాచీని నడిపించుకుంటూ వచ్చి గట్టు మీద కూర్చోబెట్టాడు. వాచి, పొరలు పొరలుగా తోలు లేచిన ఆ కాలిని నల్లా కింద పెట్టి, తాను కింద కూర్చుని రెండు చేతులతో కడగడం మొదలుపెట్టాడు.

చాచీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "హాయ్ అల్లా! లోకం చూస్తాంది, ఇడువు" అంది.

"చూడనీ" అన్నాడు చాచా.

ఉపసర్పంచ్‌కు నోరాగలేదు. "చాచా, మొదటి నీళ్లు కాళ్లకా? గిన్ని నీళ్లా?"

చాచా తలెత్తలేదు. వేళ్ల సందుల్లో మట్టి తీస్తూనే అన్నాడు: "బడ్జెట్ల పాసైంది. నువ్వు గూడ చెయ్యెత్తినవ్."

బిందెలు నేల మీద పెట్టి ఆడవాళ్లు ఆగారు. సర్పంచూ, ఉపసర్పంచూ పక్కపక్కనే నిలబడ్డారు. నీళ్లు చాచీ మడమ మీంచి జారి, దుమ్మును తడుపుకుంటూ వచ్చి వాళ్లిద్దరి చెప్పుల కిందికి పారాయి. ఇద్దరిలో ఒక్కరూ పక్కకు జరగలేదు.