అక్క మామూలు గొంతు

మా బావ చేతులు ఊరికే ఉండవు. ఆయన దుస్తుల ఫ్యాక్టరీలో కుట్టు మిషన్ల మెకానిక్. ఇంట్లో కూర్చుంటే కుర్చీ కాలు ఊగుతోందేమోనని వంగి చూస్తాడు. తలుపు కిర్రుమంటే భోజనం మధ్యలోంచి లేస్తాడు. పెన్ను ఉండాల్సిన జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుంటాడు కాబట్టి ఫ్యాక్టరీలో అందరూ స్క్రూ మాస్టారు అంటారు. ఆ పేరంటే ఆయనకు ముచ్చటే. తన పనిలో ఇంకొకరు వేలు పెడితే మాత్రం గిట్టదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. నాలుగోది చూపిస్తే, దాన్ని నువ్వే తగిలించావంటాడు.

ఏళ్ల తరబడి ఆ మిషన్ల హోరులో నిలబడి ఆయన చెవులు మొరాయించాయి. మొదట ఫోన్లో కూతురి మాట అందకుండా పోయింది, తర్వాత పక్కనే ఉన్న అక్క మాట. మా అక్కది మెత్తటి గొంతు. చిన్నప్పుడు నన్ను తిట్టినా తిట్టినట్టు ఉండేది కాదు. అలాంటి మనిషి భోజనానికి పిలవడానికి కూడా మెడనరాలు ఉబ్బేలా అరవడం మొదలుపెట్టింది. ప్రేమగా చెప్పినా అరుపే, విసుగ్గా చెప్పినా అరుపే. ఆ రెంటికీ తేడా కనుక్కోవడం మానేసి బావ అన్నింటికీ ముఖం చిట్లించేవాడు.

ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అక్క పెద్ద బ్యాగు ముందేసుకుని కూర్చుంది.

"ఎక్కడికక్కా ప్రయాణం?"

"అమ్మాయి దగ్గరికి. నోరు నొప్పెడుతోందిరా. అక్కడైతే మెల్లగా మాట్లాడుకోవచ్చు."

"ఎన్నాళ్లు?"

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది, అక్క మాత్రం స్వెటర్లు మడత పెడుతోంది. ఇది పదిరోజుల ప్రయాణం కాదు.

"బావకి చెప్పావా?"

"చెప్పాలంటే అరవాలి. అరిచే ఓపిక అయిపోయిందనే కదా వెళ్తోంది."

ఆ రోజు నుంచి నాకు కాలు నిలవలేదు. అక్కను ఆపలేను, బావకు చెప్పలేను. అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. చివరికి బావ వెంటపడి, చెవులు చూపించుకోమని పోరుపెట్టాను.

"నా చెవికి ఇంకొకరు స్క్రూలు బిగించేదేంట్రా?" అన్నాడు. మర్నాడే దుకాణానికి వెళ్లి, ఫోన్‌తో మనమే సరిచేసుకునే చెవి మిషన్ల జత కొనుక్కొచ్చాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరి వాచ్‌మన్ అలాంటివే పెట్టుకుని హాయిగా ఉన్నాడట. నిజమే, ఉన్నాడు. ఆ వాచ్‌మన్ బుద్ధిగా కూర్చుని, ఫోన్ వినిపించే సన్నటి కూతలన్నీ విని, వినిపించినప్పుడల్లా మీట నొక్కాడు. మా బావ అలా చేస్తాడా?

"ఆ పిట్టకూతలు నాకెందుకు?" అని ఆ పరీక్ష దాటేశాడు. ఫ్యాక్టరీలో ఆయనకో పద్ధతుంది. ఏ మిషన్ చెడినా, రోజూ దాన్ని నడిపే మనిషినే కూర్చోబెట్టి, మామూలుగా కుట్టమని, ఆ నడకకు తగ్గట్టు బిగిస్తాడు. మంచి పద్ధతే. అదే ఇక్కడా అమలుచేశాడు. రోజూ తనతో మాట్లాడేది అక్కే కాబట్టి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టాడు.

"రోజూ మాట్లాడినట్టే మాట్లాడు."

అక్క రోజూ మాట్లాడినట్టే మాట్లాడింది. అంటే, అరిచింది. ఆ అరుపు చెవికి ఇంపుగా తగిలేదాకా బావ ఫోన్ తెరమీద శబ్దం పెంచి తగ్గించే చుక్కను కిందికి జరుపుకుంటూ పోయి, "ఆఁ, కుదిరింది!" అన్నాడు. పక్కనే ఉన్న నాకూ కుదిరినట్టే అనిపించింది. అక్క అరుపుకు మేమంతా అంతగా అలవాటుపడిపోయాం.

ఇక చూడండి ఆ ఇంట్లో అవస్థ! అక్క గొంతు చించుకుంటేనే వినిపిస్తుంది. కాస్త తగ్గిందా, చెవి మిషన్లు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. బావ కాలు కాలిన పిల్లిలా ఫోన్ పట్టుకుని వంటింట్లోంచి వరండాలోకి, వరండాలోంచి మంచం దగ్గరికి తిరుగుతూ చుక్కను పైకీ కిందికీ లాగేవాడు. పైకి లాగితే గిన్నెల చప్పుడు మేకులా దిగేది, కిందికి లాగితే మనుషులు మాయమయ్యేవాళ్లు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ లాగేవాడు, స్నానానికి పోతూ లాగేవాడు. "ఇంకొక్క రోజు ఆగు, పట్టేస్తా" అనేవాడు. అక్క ఆ తిరుగుడు చూసి, వెళ్లి బ్యాగులో ఇంకో చీర సర్దుకునేది. అది చూస్తే నాకు ఇంకా భయం వేసేది.

ప్రయాణం వారంలోకి వచ్చేసింది. ఇక లాభం లేదని, చెవి పరీక్షలు చేసి మిషన్లు అమర్చే ఆవిడ దగ్గర నేనే సమయం తీసుకున్నాను. ఇంట్లో ఎక్కువగా మాట్లాడే మనిషిని కూడా తీసుకురమ్మంది. అక్కను బతిమాలాను. బావను మాత్రం తిట్టే తీసుకెళ్లాను.

ఆవిడ బావను గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, ఆ పిట్టకూతలే వినిపించింది. ఈసారి దాటేయడానికి ఆయన చేతిలో ఫోన్ లేదు. అంతా అయ్యాక చెప్పింది.

"మీరు కొన్నవి చెడ్డవేం కాదు సార్. సరిగ్గా సెట్ చేసుకుంటే ఎడమ చెవికి చాలేవి. కుడి చెవి వాటికి లొంగదు. పైగా మీరు రెండింటికీ ఒకే కొలత పెట్టారు."

"కొలతేం లేదమ్మా, చెవితో విని పెట్టాను" అన్నాడు బావ, గర్వంగానే.

"వినిపించని చెవితోనా సార్?"

నాకు నవ్వొచ్చింది. బావకు రాలేదు.

ఆవిడ ఆయన చెవిలోకి దారంలాంటి గొట్టం పెట్టి, దాని పక్కనే వేరే చెవి మిషన్ అమర్చింది. చెవి లోపలికి ఎంత శబ్దం చేరుతోందో ఎదురుగా తెరమీద గీతలా కనిపిస్తోంది.

"అమ్మా, మీరు మామూలుగా మాట్లాడండి."

"ఏం మాట్లాడాలి!" అని అరిచింది అక్క. గీత ఒక్కసారిగా ఎగిరింది. బావ కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"అంత గట్టిగా వద్దమ్మా. మామూలుగా."

"మామూలుగానే మాట్లాడుతున్నా!"

మళ్లీ అరుపే. అక్క ఊపిరి పీల్చుకుని మరోసారి ప్రయత్నించింది. అప్పుడూ అంతే. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు రావట్లేదమ్మా!" అంది, అదీ అరుస్తూనే. ఆ క్షణంలో బావను కొట్టాలనిపించింది.

"ఆయన్ని చూడకండి. మీ తమ్ముడి వైపు తిరగండి. తమ్ముడితోనే ఏదైనా చెప్పండి" అందావిడ.

అక్క నా వైపు తిరిగింది.

"ఏం చెప్పనురా? బ్యాగు సర్దేశాను. వెళ్తే ఇక తిరిగి రాను. అమ్మాయికి కూడా ఇంకా చెప్పలేదు."

అది నా చిన్నప్పటి అక్క గొంతు. ఎన్నాళ్లకు విన్నానో! ఆవిడ తెర చూసుకుంటూ ఏదో నొక్కుతోంది. గీత నెమ్మదిగా సాగుతోంది.

"ఎందుకు రావు?" అన్నాడు బావ.

అక్క గిరుక్కున తిరిగింది. అరవబోయి ఆగింది.

"వినిపించిందా?"

"వినిపించింది. ఈ గొంతుతో చెబితే నేను వినేవాణ్ని కాదా? అరుస్తూ ఉంటే మనిషికి ఏం అర్థమవుతుంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. తప్పంతా తీసుకెళ్లి అక్క నెత్తినే పెట్టాడు. నేను నోరు తెరిచేలోపే అక్క అందుకుంది. గొంతు పెంచలేదు.

"ఉద్యోగంలో చేరతానని ఈ గొంతుతోనే అడిగాను. మీరు ఫ్యాను విప్పుతూ ఊఁ అన్నారు. మళ్లీ అడిగితే, ఈ స్క్రూ పట్టుకో అన్నారు. మా అమ్మకి బాగాలేదు, వెళ్లొస్తానన్నప్పుడూ ఇదే గొంతు. అప్పుడు మీ చెవులు బాగానే ఉన్నాయి."

ఆవిడ తెర మీంచి తలెత్తి చూసింది. బావ చెయ్యి చెవి దాకా వెళ్లింది. శబ్దం తగ్గించుకోబోతున్నాడేమో అనుకున్నాను. చెయ్యి దించి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అవును" అన్నాడు.

బావ నోట ఆ మాట వినడం నాకు కొత్త. తర్వాత తల దించుకునే అడిగాడు.

"ప్రయాణం మానుకుంటావా?"

"మానుకోను" అంది అక్క, మెల్లగా.

బావకు మొదటిసారే వినిపించింది.